కండ్లకలక మందు మీద నేను వెనక్కి తీసుకున్న రిపోర్టు

నా పదవీ విరమణకు ఇంకా నాలుగేళ్లు ఉందనగా, ఒక వానాకాలం మొదట్లో నన్ను ఆదిలాబాద్ నుంచి కరీంనగర్‌కు బదిలీ చేశారు. అక్కడి ప్రభుత్వ వైరాలజీ ల్యాబులో కణాల పెంపకం విభాగానికి అధికారిగా వేశారు. హోదా సీనియర్ సైంటిస్టు. అప్పటిదాకా నేను చేసింది రోగ నిర్ధారణ పని. ఆసుపత్రి నుంచి నమూనా వస్తుంది, పరీక్ష చేస్తాం, ఫలానా వైరస్ ఉందనో లేదనో రాసి పంపుతాం. కొత్త విభాగంలో పని వేరు. మనిషి కణాలను సీసాల్లో పెంచాలి. వాటికి వైరస్ అంటించాలి. ఆ మీద ఒక్కొక్క మందూ పోసి, ఏది వైరస్‌ను ఆపుతుందో చూడాలి. మందుల వడపోత అంటాం దీన్ని.

మాకు అప్పగించింది కండ్లకలక వైరస్. కండ్లకలక అనగానే ఎవరూ పెద్దగా పట్టించుకోరు. కన్ను ఎర్రబడుతుంది, రెప్పలు ఉబ్బుతాయి, పొద్దున లేచేసరికి ఊసులు కట్టి అంటుకుపోతాయి, రెండు వారాల్లో తగ్గిపోతుంది. చాలామందికి జరిగేది ఇదే. కానీ అడినోవైరస్ వల్ల వచ్చే రకంలో కొందరికి ఎరుపు పోయాక కూడా బాధ పోదు. కనుపాప ముందుండే అద్దంలాంటి పొరను కార్నియా అంటాం. దాని మీద నలుసంత తెల్లమచ్చలు మిగిలిపోతాయి. నెలల తరబడి చూపు మసకగా ఉంటుంది. దీపం వైపు చూస్తే వెలుగు చెదిరిపోతుంది. ఈ వైరస్‌ను చంపుతుందని నిర్ధారించిన చుక్కల మందు అప్పటికి లేదు. ఇది రాస్తున్న నాటికీ నాకు తెలిసినంతలో లేదు.

వైరస్‌ను బయటి ల్యాబు నుంచి తెప్పించుకోవచ్చు. కానీ మన దగ్గర తిరుగుతున్న రకం మీద పనిచేయని మందు మనకెందుకని నేను పట్టుబట్టాను. ఆ నెలలోనే ఆసిఫాబాద్ దగ్గర ఒక బాలికల వసతిగృహంలో కండ్లకలక సోకిందని కబురు వస్తే, నేనూ మా సీనియర్ టెక్నీషియన్ గంగారామూ ఐసు పెట్టెతో వెళ్లాం. వరండాలో బల్ల వేసుకుని కూర్చున్నాం. కింది రెప్పను మెల్లగా లాగి, దూదిపుల్లను లోపలి అంచు మీద ఒకసారి తిప్పి, ఆ పుల్లను ద్రవం ఉన్న చిన్న సీసాలో విరిచి మూత పెట్టాలి. ఒక్కొక్క అమ్మాయికి చేతొడుగులు మార్చాలి. మా చేతుల ద్వారానే జబ్బు పక్క పిల్లకు పోగూడదు. వార్డెన్ మా వెనకే నిలబడి తలపట్టుకుంది.

“ఒక్క తువ్వాలతోని ఆరుగురు మొఖం తుడుసుకుంటరు మేడం. ఎంత మొత్తుకున్నా ఇంటలేరు. నాకైతె పరేషాన్ అయితుంది.”

ఆ నమూనాల్లోంచే మా పరీక్షలకు కావలసిన వైరస్‌ను పెంచుకున్నాం.

గంగారాం గురించి చెప్పాలి. ఆయనది భైంసా. నాకంటే రెండేళ్లు చిన్న. కణాలు పెంచడంలో ఆయనకున్న చెయ్యి మా ల్యాబులో మరెవరికీ లేదు. పలకలో కణాలు పోసేటప్పుడు పెదవుల కింద మరాఠీలో లెక్క పెట్టుకునేవాడు. పెద్ద చదువు లేదు. ఇంగ్లిషులో రిపోర్టులు రాయలేడు. అందువల్ల మీటింగులకు ఆయనను ఎవరూ పిలిచేవారు కాదు. నేనూ పిలవలేదు.

పరీక్ష ఇలా సాగుతుంది. అరచేతిలో పట్టే ప్లాస్టిక్ పలకలో తొంభై ఆరు చిన్న గుంతలుంటాయి. ప్రతి గుంతలో కణాలు పోసి రాత్రంతా వెచ్చటి పెట్టెలో ఉంచితే, అవి అడుగున చాపలాగా పరుచుకుంటాయి. మర్నాడు కొన్నిటికి వైరస్, కొన్నిటికి వైరస్‌తో పాటు మందు, కొన్నిటికి ఉత్త మందు పోస్తాం. కొన్నిటికి ఏమీ పోయం. వైరస్ గెలిస్తే కణాలు ఉబ్బి, ఊడి, ద్రాక్షగుత్తుల్లా ముద్దలు కడతాయి. మందు గెలిస్తే చాప చెక్కుచెదరదు. ఉత్త మందు పోసిన గుంతలు మరింత ముఖ్యం. మందే కణాలను చంపుతుంటే దాన్ని మందని అనలేం కదా. అందుకోసం విడిగా ఒక పలక పెట్టి, బతికున్న కణాలను ఊదారంగులోకి మార్చే అద్దకంతో విషప్రభావం చూస్తాం.

మందులు పై సంస్థ నుంచి ఉత్త నంబర్లతో వచ్చేవి. అన్నీ వేరే జబ్బులకు ఇప్పటికే వాడుకలో ఉన్నవే. ఏ నంబరు ఏ మందో చెప్పే కాగితం సీలు చేసిన కవరులో విభాగాధికారి దగ్గర ఉండాలని నియమం. విభాగాధికారిని నేనే. వడపోత మొత్తం పూర్తయ్యేదాకా కవరు విప్పకూడదన్న మాట మాత్రం ఆ నియమంలో ఎక్కడా లేదు.

రెండు నెలలు గడిచాయి. ఒక్కొక్క నంబరూ ఓడిపోతూ వచ్చింది. పదిహేడో నంబరు దగ్గర, ఏడో రోజు పలకను సూక్ష్మదర్శిని కింద పెట్టి, దానికి కన్ను ఆనించి నేను చాలాసేపు తల ఎత్తలేదు. వైరస్ మాత్రమే పోసిన గుంతల్లో కణాలు నాశనమయ్యాయి. పదిహేడు పోసిన గుంతల్లో చాప నున్నగా ఉంది. ద్రవంలో వైరస్ ఎంతుందో కొలిచి చూస్తే దాదాపు ఏమీ లేదు. మళ్లీ చేయించాను. మళ్లీ అదే వచ్చింది. ఆ సాయంత్రం కవరు విప్పాను. చాలా ఏళ్లుగా మందుల షాపుల్లో దొరుకుతున్న మాత్ర అది. పేరు ఇక్కడ రాయను.

మూడోసారి చేస్తున్నప్పుడు గంగారాం ఆ పలకను నా బల్ల మీదికి తెచ్చాడు. సూక్ష్మదర్శిని కింద పెట్టలేదు. కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టాడు.

“మేడం, జెర గీ వరస సూడుండ్రి. ఉత్త పదిహేడు పోసినయి. వైరస్ లేదు వీట్ల. ఇంక గులాబి రంగే ఉన్నది.”

కణాలకు పోసే పోషకద్రవంలో ఒక రంగు కలిపి ఉంటుంది. కణాలు తిని పెరిగేకొద్దీ ద్రవం పుల్లబడి, గులాబీ నుంచి నారింజకు, అక్కడి నుంచి పసుపుకు తిరుగుతుంది. ఏమీ పోయని గుంతలు అప్పటికే పసుపుపచ్చగా ఉన్నాయి. పదిహేడు పోసినవి మారలేదు.

“అద్దకం పరీక్షల బతికే ఉన్నయని వచ్చింది గదా” అన్నాను.

“అది ఒక్క దినానికి సూసింది మేడం. గిది ఏడో దినం. కణాలు కనవడుతున్నయి గని తింటలేవు.”

పెట్టెలో గ్యాసు తేడా వస్తే కూడా రంగు మారకుండా ఉండవచ్చని చెప్పాను.

“గ్యాసు అన్ని గుంతలకు ఒక్కటే గద మేడం” అన్నాడు.

రిజిస్టర్లో రాసి పెట్టమని చెప్పి పంపించాను. రాశాడు. రోజువారీ రిజిస్టరు మీద నేను సాయంత్రం సంతకం పెట్టాలి. పెట్టాను. ఏం రాశాడో చదవలేదు.

ఇంకొక విషయం కూడా దాచకూడదు. ఆ మాత్ర గురించిన పాత సమాచారంలో, అది కణాల విభజనను మందగింపజేయవచ్చని ఒక వాక్యం ఉంది. నేను చదివాను. మేం వాడుతున్నది తక్కువ మోతాదని సర్దిచెప్పుకున్నాను. రెండు నెలల ఓటముల తర్వాత వచ్చిన మొదటి గెలుపును వదులుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. ఆ వారమే ప్రాథమిక రిపోర్టు మీద సంతకం చేసి డైరెక్టరుకూ, పక్క భవనంలోని కంటి విభాగం అధిపతి డాక్టర్ మధుకర్‌కూ పంపాను. ఆయన చాలా సంతోషించాడు. కొద్దిమంది రోగుల మీద చుక్కలుగా వేసి చూడటానికి అనుమతి కోరుతూ నైతిక కమిటీకి దరఖాస్తు రాశాడు. మనుషుల మీద ఏ కొత్త మందు ప్రయోగించాలన్నా ఆ కమిటీ ఒప్పుకోవాలి. సమావేశం నెలాఖరుకు పెట్టారు.

రిపోర్టు పంపిన మర్నాడు నర్సయ్య వచ్చాడు.

నర్సయ్య అంతకు రెండు వారాల ముందు కంటి విభాగం నుంచి నమూనా ఇవ్వడానికి మా ల్యాబుకు వచ్చినవాడే. మెట్‌పల్లి పక్క పల్లె. గల్ఫ్‌లో ఒక రేవు దగ్గర పెద్ద ట్రైలర్ లారీ నడుపుతాడు. సెలవు మీద ఇంటికి వచ్చి, అన్న పిల్లల దగ్గర కండ్లకలక అంటించుకున్నాడు. ఎరుపు తగ్గింది. రెండు కండ్లలోనూ మచ్చలు మిగిలాయి. ఎడమ కన్నులో ఎక్కువ. మొదటిసారి వచ్చినప్పుడే ఫారం నింపుతూ మాటల్లో నాది మెట్‌పల్లి అని తెలుసుకుని, మా బాపు పేరడిగాడు.

“పోస్టుమన్ రాజన్న బిడ్డెనా మీరు? మా నాయిన మస్కట్ల ఉన్నప్పుడు ఉత్తరాలు మీ బాపే తెచ్చిచ్చెటోడు. సదివి సుత ఇనిపిచ్చెటోడట. గట్లయితె మీరు నాకు అక్కే.”

అప్పటి నుంచి మేడం పోయి అక్క అయ్యాను.

రెండోసారి భార్య లక్ష్మితో వచ్చాడు. నమూనా ఫలితం కోసమని వచ్చాడు గానీ, ఫలితం మీద ఆయనకు ఆసక్తి లేదు. బల్ల ముందు కూర్చుని ఎడమ కన్ను చేత్తో మూసి ఒకసారి, కుడి కన్ను మూసి ఒకసారి గోడ మీది క్యాలెండరు చదివి చూపించాడు. కుడి కన్నుతో తేదీలు చదివాడు. ఎడమ కన్నుతో నెల పేరు కూడా చదవలేకపోయాడు.

“ఎదురుంగ బండి లైటు వడితె అంత తెల్లగైతుందక్కా. రోడ్డే కనవడది. పోంగనే కంపెనోల్లు మెడికల్ జేపిస్తరు. కండ్లు పాస్ గాకుంటె డ్రైవర్ వీసా క్యాన్సలే. పదకొండేండ్ల సంది నడుపుతున్న, ఒక్క గీత వడనియ్యలే బండికి. ఇంక పన్నెండు దినాలే ఉన్నయి.”

కంటి డాక్టరు ఏమన్నాడని అడిగాను. మెల్లగా అదే తగ్గుతుంది, తొందరపడొద్దన్నాడట. సరైన సలహా అది. నేనూ అదే చెప్పి పంపాల్సింది.

“గంత పెద్ద ల్యాబు పెట్టుకున్నరు. ఏం మందు లేదా అక్కా?” అంది లక్ష్మి.

“ఒకటి మంచిగనే కనవడ్డది. ఇంక మనుషులకు ఇచ్చి సూడలే. పర్మిషన్ రావాలె. జర ఓపిక వట్టుండ్రి” అన్నాను.

పేరేమిటని నర్సయ్య అడిగాడు. చెప్పాను. మామూలుగా షాపుల్లో దొరికే మాత్రేనని కూడా చెప్పాను. చుక్కలుగా తయారుచేయడానికి వేరే పద్ధతి ఉంటుందనీ, మాత్రను అలా వాడకూడదనీ అన్నాను. కానీ ఆ మాట చివర్లో, గొంతు తగ్గించి అన్నాను. ఆయన చొక్కా జేబులోంచి పెన్ను తీసి, ఆసుపత్రి చీటీ వెనకవైపు ఆ పేరు రాసుకున్నాడు. స్పెల్లింగు ఒక అక్షరం తప్పు రాస్తే నేనే సరిచేశాను.

తొమ్మిది రోజుల తర్వాత కంటి విభాగం నుంచి గాజుపలక మీద కార్నియా పుండు గీకిన నమూనా ఒకటి వచ్చింది. అందులో సూక్ష్మజీవులేమైనా ఉన్నాయేమో చూడమని ఫారం. ఇలాంటివి వారానికి నాలుగైదు వస్తాయి. పేరు చూడకుండా వివరాల గడి చదివాను. ‘ఇంట్లో మాత్ర నూరి గులాబీనీళ్లలో కలిపిన చుక్కలు, ఎడమ కన్ను, ఆరు రోజులు’ అని ఉంది. అప్పుడు పేరు చూశాను.

ఫారం గంగారాం చేతికిచ్చి కంటి వార్డుకు వెళ్లాను. మధుకర్ నర్సయ్యను పరికరం ముందు కూర్చోబెట్టి పరీక్ష చేస్తున్నాడు. కన్నులో నారింజరంగు అద్దకం వేసి నీలికాంతిలో చూస్తే, పైపొర లేచిపోయిన మేర ఆకుపచ్చగా మెరుస్తుంది. నన్నూ చూడమన్నాడు. కనుపాప ఎదురుగా, చిటికెన వేలి గోరంత మేర ఆకుపచ్చగా ఉంది.

“పుండుకు మందు పడ్డది, చీము తగ్గుతుంది మేడం. గని పైపొర మూసుకుంటలేదు. మామూలుగ రెండు మూడు దినాల్ల అంచుల నుంచి కొత్త కణాలు వచ్చి కప్పేస్తయి. ఇక్కడ అంచు కదలనే కదలలే. ఎందుకో సమజైతలేదు” అన్నాడు మధుకర్.

నాకు సమజైంది. పరికరం దగ్గర నుంచి లేచాను. కణాలు కనవడుతున్నయి గని తింటలేవు. తినని కణాలు పెరగవు. పెరగని కణాల్లో వైరస్ కూడా పెరగదు. పదిహేడో నంబరు వైరస్‌ను ఆపలేదు. వైరస్ బతకడానికి ఆధారమైన కణాన్ని ఆపేసింది. మేం దాన్నే మందు గుణం అనుకున్నాం.

నేను పేరు పెట్టి పిలిస్తే, నర్సయ్యకు నా గొంతు గుర్తుపట్టడానికి క్షణం పట్టింది. రెండు కండ్లూ మూసుకుని ఉన్నాడు.

“అక్కా, మీరు చెప్పిన మందే ఏసుకున్న. ముందుగాల ఒక్క కన్నుల్నే ఏసి సూద్దామని ఎడమ దాంట్ల ఏసిన. మంచిగైతె రెండో దాంట్ల ఏద్దామనుకున్న” అన్నాడు.

ఒక కంట్లో వేసి, రెండో కన్నును పోలిక కోసం అట్టిపెట్టుకున్నాడు. పరీక్ష అంటే అదే. కుడి కన్ను ఆయన జాగ్రత్త వల్లే మిగిలింది.

ఆ సాయంత్రం ల్యాబులో గంగారాంను కూర్చోబెట్టి జరిగినదంతా చెప్పాను. నేను మందు పేరు చెప్పానన్నది కూడా. విన్నాక ఆయన, “పెరిగే కణాల మీద చేసి సూడాలె మేడం. నిండ పరుసుకున్న చాప మీద చేస్తె తెల్వది” అన్నాడు. అది రెండు నెలల కింద నేను అనాల్సిన మాట.

రెండు పరీక్షలు పెట్టాం. మొదటిది, కణాలను పలచగా చల్లి, పదిహేడు కలిపి, వైరస్ పరీక్ష ఎన్ని రోజులో అన్ని రోజులూ ఉంచడం. రెండోది ఇంకా సులువు. నిండుగా పరుచుకున్న కణాల చాప మీద సన్నని గొట్టం మొనతో ఒక గీత గీస్తాం. ఆరోగ్యంగా ఉన్న కణాలు రెండు వైపుల నుంచి జరిగి ఒకటి రెండు రోజుల్లో ఆ గీతను పూడ్చేస్తాయి. కన్ను పైపొర గాయాన్ని మాన్పుకునేది కూడా దాదాపు ఇలాగే. మర్నాడు చూస్తే మందు లేని గుంతల్లో గీత సగం పూడింది, ఆ మర్నాటికి ఎక్కడ గీశామో కనిపించలేదు. పదిహేడు ఉన్న గుంతల్లో గీత గీసిన రోజు ఎంత వెడల్పుందో నాలుగో రోజునా అంతే ఉంది. పలచగా చల్లిన కణాలు కూడా పదిహేడు ఉన్నచోట పెరగలేదు. గంగారాం అంచులు కొలిచి అంకెలు చెప్పాడు, నేను రాశాను. ఈసారి ప్రతి వరుసా చదివి సంతకం పెట్టాను.

అప్పటికి కమిటీ సమావేశానికి రెండు రోజులుంది. ముందు వార్డుకు వెళ్లాను. చుక్కలు ఆపేశాక నర్సయ్య కంటి పొర మెల్లగా మూసుకోవడం మొదలైంది. కానీ పుండు లోతుకు దిగింది కనుక మచ్చ మిగులుతుందని, అది సరిగ్గా చూపుకు అడ్డంగా ఉంటుందని మధుకర్ ముందే చెప్పి ఉన్నాడు. నేను మంచం పక్కన నిలబడి, మా పరీక్షలో తప్పు జరిగిందని, ఆ మందు మంచిదని నేను అనుకోవడమే తప్పని, ఇంకా రుజువు కాని మందు పేరు మీకు చెప్పడం అంతకంటే పెద్ద తప్పని చెప్పాను. తప్పు నాదేనని చెప్పాను.

నర్సయ్య అడిగింది ఒకటే. “కుడి కన్నుకేం గాదు గదా?”

“కాదు” అన్నాను.

లక్ష్మి అప్పటిదాకా మంచం కాళ్ల వైపు కూర్చుని ఉంది. లేచి నిలబడింది.

“మేము సదువురానోళ్లం. మాకు తెల్వక ఏసుకున్నం. మీరు గంత సదివి, గంత పెద్ద కుర్సీల కూసోని, తెల్వంది తెలిసినట్టు ఎట్ల చెప్పిండ్రు? మా ఊరోల్లని చెప్పిండ్రు. మా ఊరోల్లయితె చెప్పకుండ ఉండాలె గద!”

నర్సయ్య ఊరుకోమని సైగ చేశాడు. ఆమె ఊరుకుంది గానీ, ముఖం నా వైపు తిప్పలేదు.

కమిటీ సమావేశంలో మధుకర్ దరఖాస్తు చర్చకు రాకముందే లేచి, ప్రాథమిక రిపోర్టును వెనక్కి తీసుకుంటున్నట్టు రాతపూర్వకంగా ఇచ్చాను. కొత్త పరీక్షల ఫలితాలు, నర్సయ్య కేసు వివరాలు జతచేశాను. చైర్మన్ రెండుసార్లు చదివాడు. ఆయన వేసిన ప్రశ్నల్లో ఒకటి, ఈ లోపం గురించి ల్యాబులో ముందే ఎవరికైనా అనుమానం వచ్చిందా అన్నది.

రిజిస్టరు నా దగ్గరే ఉంది. అడిగితే తప్ప కమిటీ దాన్ని చూడదు. తెరిచి ఆ తేదీ పేజీ ముందు పెట్టాను. గంగారాం చేతిరాతలో ఒక్క వాక్యం ఉంది. ‘పదిహేడు నంబరు గుంతలు ఏడో రోజు కూడా రంగు మారలేదు, మేడంకు చెప్పిన.’ దాని కింద నా సంతకం. ఆ వాక్యాన్ని నేను పూర్తిగా చదివింది అంతకు మూడు రోజుల ముందే.

దరఖాస్తు తిరస్కరించారు. అనుమతి వచ్చి ఉంటే మొదటి విడతలోనే వార్డులో మరికొందరి కండ్లలో ఆ చుక్కలు పడేవి. కమిటీకి చెప్పాల్సింది అయిపోయింది గనుక నేను బయటికి వచ్చేశాను.

శాఖాపరంగా నాకు మెమో ఇచ్చారు. వివరణ రాశాను. అందులో తప్పించుకునే మాట ఏదీ రాయలేదు. మందుల వడపోత బాధ్యత మరొక అధికారికి ఇచ్చి, నన్ను తిరిగి రోగ నిర్ధారణ విభాగానికి పంపారు. మిగిలిన సర్వీసు అక్కడే పూర్తి చేశాను. కొత్త అధికారికి విభాగం అప్పజెప్పేటప్పుడు గంగారాంను వారం వారం జరిగే సమీక్ష మీటింగుకు పిలవాలని నోటులో రాశాను. పిలిచారు. ఆయన తెలుగులో మాట్లాడేవాడు, వాళ్లు రాసుకునేవాళ్లు.

నర్సయ్య వీసా గడువు వార్డులో ఉండగానే దాటిపోయింది. ఎడమ కన్నుకు వెలుతురు, మనిషి ఆకారం తెలుస్తాయి, అంతే. పెద్ద బండి లైసెన్సు మళ్లీ రాలేదు. ఇప్పుడు మెట్‌పల్లిలో పసుపు మార్కెట్లో కాంటా దగ్గర పనిచేస్తున్నాడు. కార్నియా మార్పిడికి పేరు నమోదు చేయించడానికి మధుకర్, నేను కలిసి ఒకసారి వాళ్ల ఇంటికి వెళ్లాం. నర్సయ్య కాగితాల మీద సంతకాలు చేశాడు, అడిగినవాటికి జవాబు చెప్పాడు. లక్ష్మి లోపలి నుంచి బయటికి రాలేదు. నేను పిలవలేదు.

ఆ తర్వాత మా ల్యాబులో పద్ధతులు మారాయి. విషప్రభావం చూసే పలకను వైరస్ పలకతో పాటే పెట్టి, అదే రోజు చదువుతారు. పెరుగుతున్న కణాల మీద ఒకసారి, పరుచుకున్న కణాల మీద ఒకసారి చేస్తారు. గీత పరీక్ష దాటని మందు కంటి విభాగం గడప తొక్కదు. నంబర్ల కవరు పరీక్ష చేసే విభాగంలో ఉండదు, వేరే అధికారి బీరువాలో ఉంటుంది. వడపోత పూర్తయి, రిజిస్టరు మూసిన తర్వాతే విప్పుతారు. ఈ ఏర్పాట్లలో ఏదీ గొప్ప ఆలోచన కాదు. ఏ పాఠ్యపుస్తకంలోనైనా ఉన్నవే. నాకు తెలియనివీ కావు.

లక్ష్మి అడిగిన ప్రశ్నకు జవాబు మాత్రం పాఠ్యపుస్తకంలో లేదు. తెలియనిదాన్ని తెలిసినట్టు నేను ఎందుకు చెప్పాను? ఎదురుగా మనిషి బాధలో ఉన్నాడు, నా దగ్గర ఆశపెట్టడానికి ఒక పేరు ఉంది. ఆ రెండూ కలిసినప్పుడు నోరు కట్టుకోవడం కష్టం. కష్టమైనా, ఉద్యోగం అంటే ఆ పనే. పరీక్ష పూర్తికాని మందు పేరు రోగికి చెబితే ఆ మందు ఇచ్చినట్టే. చీటీ మీద మనం రాయకపోయినా, వాడొద్దని చివర్లో ఒక మాట కలిపినా, ఇచ్చినట్టే.